వెల్‌క్రో నుంచి రింగు దాకా: ఒక మాటల బోర్డు డైరీ

తిరుపతి కొర్లగుంటలో నాకు చిన్న జిరాక్సు, లామినేషన్ షాపు ఉంది. ఇంట్లో మాటలు ఆలస్యమైన పిల్లలు ఇద్దరు. ఒకడు మా అబ్బాయి. లెక్క రాయడం మొదలుపెట్టిన నవంబరులో వాడికి 2 ఏళ్ల 10 నెలలు. రెండోది నా చెల్లెలి కూతురు, అప్పటికి 2 ఏళ్ల 2 నెలలు. చెల్లెలి భర్తకి శ్రీసిటీలో షిఫ్టు డ్యూటీ కాబట్టి తల్లీకూతుళ్లు మా దగ్గరే ఉంటారు. ఇప్పుడు జూన్. ఈ ఎనిమిది నెలల్లో చేసినవి, చెడగొట్టినవి, మార్చినవి ఇందులో ఉన్నాయి. నేను పోగొట్టుకున్న నాలుగు వారాలు ఇంకొకరికైనా మిగులుతాయని రాస్తున్నా. మాటకి బదులు బొమ్మ ఇచ్చి కావాల్సింది అడిగే కార్డుల కొలతలు మాత్రమే కావాల్సినవాళ్లు నేరుగా దశ 4 చూసుకోవచ్చు.

మొదటి రోజు పరిస్థితి ఇది.

మావాడు: నేను రాసుకున్న జాబితాలో 43 మాటలు. యాపిల్, ఎలిఫెంట్, ఏ నుంచి జెడ్ దాకా అక్షరాలు, ఒకటి నుంచి పది. అన్నీ ఫోన్ నుంచి వచ్చినవే. దాహం వేస్తే మాత్రం నోరు తెరవడు. నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్లి ఫ్రిజ్ తలుపు మీద నా చెయ్యి పెడతాడు. ఆ పని చేసేటప్పుడు నా మొహం చూడడు. పేరు పెట్టి పిలిస్తే పదిసార్లకి రెండుసార్లు తిరుగుతాడు.

పాప: ఆరే మాటలు. అమ్మ, అవ్వ, బువ్వ, తాత, టాటా, ఛీ. కానీ కావాల్సింది వేలితో చూపించి, వెంటనే తిరిగి మన మొహం చూస్తుంది. ఉత్త గిన్నెతో బొమ్మకి బువ్వ పెడుతుంది. "అమ్మ చెప్పులు తే" అంటే తెస్తుంది.

43 పెద్దదా, 6 పెద్దదా? నేను 43 అనుకున్నా. పాప గురించే టెన్షన్ పడ్డాం.

దశ 0: ముందు చెవులు

పిల్లల డాక్టరు వినికిడి పరీక్ష రాస్తే నేను పక్కన పెట్టేశా. పక్క గదిలో బిస్కెట్ ప్యాకెట్ చప్పుడైతే పరిగెత్తుకొచ్చేవాడికి చెవుల పరీక్ష దేనికని. అది తప్పు లెక్క. కొన్ని శబ్దాలు బాగా వినపడి, మాటల్లో ఉండే సన్నటి శబ్దాలు వినపడని పిల్లలు ఉంటారు. చెవి ఎంత వింటోందో ఇంట్లో గిన్నెలు కొట్టి తేల్చలేం.

మావాడికి చేసింది బెరా పరీక్ష. తలకి తీగలు అంటించి, చెవిలో శబ్దం పెట్టి, నరం స్పందిస్తోందో లేదో చూస్తారు. పిల్లవాడు నిద్రపోతూ ఉండాలి. మొదటిసారి ఆటోలోనే ఇరవై నిమిషాలు పడుకుని, కౌంటరు దగ్గర లేచి కూర్చున్నాడు. నిద్రమందు సిరప్ ఇచ్చినా రెండు గంటలు ఆ వరండా అంతా పరిగెత్తాడు. తిరిగొచ్చేశాం. రెండోసారి ఇలా చేశాం:

1. ముందు రాత్రి రెండు గంటలు ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున 5కే లేపాం.
2. ఆటోలో మా ఆవిడ దారంతా బొరుగులు ఒక్కొక్కటే నోట్లో పెడుతూ నిద్రపోకుండా చూసింది.
3. తలకి నూనె పెట్టలేదు. నూనె ఉంటే తీగలు అంటుకోవు. ఇది ముందు ఎవరూ చెప్పలేదు.
4. వాడి దిండు, వాడి దుప్పటి తీసుకెళ్లాం.

మావాడికి రెండు చెవులూ బాగున్నాయి. పాపకి కర్ణభేరి వెనక నీరు చేరిందని తేలింది. వదలని జలుబు అక్కడ కూర్చుంది. నీటిలో మునిగి వింటున్నట్టు ఉంటుందట ఆ పిల్లకి. చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది, మూడు నెలలాగి మళ్లీ చూద్దాం, అందాకా ఫ్యాను, టీవీ ఆపి, దగ్గరగా ఎదురుగా కూర్చుని మాట్లాడండి అన్నారు. వినికిడి లోపం తేలిన పిల్లలకి మాటలు నేర్పడానికి తిరుపతిలోనే టీటీడీ వాళ్ల శ్రవణం కేంద్రం ఉంది. మాకు ఆ అవసరం రాలేదు.

ఖర్చు: బెరా 2,000, పాప చెవి పరీక్ష 600, రెండు ట్రిప్పుల ఆటో 480. మొత్తం 3,080.

దశ 1: దేన్ని లెక్కపెట్టాలి

పరీక్ష చేసినామె ఒక ప్రశ్న అడిగింది: "వాడికి ఎన్ని మాటలొచ్చో తర్వాత చూద్దాం. రోజులో మీ దగ్గరికి తనంతట తాను ఎన్నిసార్లు వస్తాడు?" నా దగ్గర అంకె లేదు.

అందుకని మాటల జాబితా మూసేసి కొత్త లెక్క పెట్టుకున్నా. పొద్దున టిఫిన్ వేళ 15 నిమిషాలు. ఫోన్‌లో రికార్డింగ్, చేతిలో బిల్లు పుస్తకం. ఇద్దరూ తమంతట తాముగా మనకి ఏదైనా తెలియజేస్తే ఒక గీత. మాటైనా, చూపైనా, చెయ్యి లాగడమైనా సరే. మనం అడిగితే చెప్పింది లెక్కలోకి రాదు.

మొదటి వారం సగటు: పాప 14. మావాడు 3, మూడూ చెయ్యి పట్టి లాగడమే.

43 మాటలున్నవాడికి 3, ఆరు మాటలున్నదానికి 14. జిరాక్సులో కాగితం తిరగేసి పెట్టినట్టు ఇన్నాళ్లూ చూశాం.

పాపకి ఎమ్‌చాట్ ప్రశ్నలు కూడా అప్పుడే అడిగారు. ఆటిజం లక్షణాలు ఉన్నాయేమో చూడ్డానికి 16 నుంచి 30 నెలల పిల్లలకి అడిగే 20 ప్రశ్నలవి. పాపకి స్కోరు ఒకటే వచ్చింది. 2 దాకా భయం లేదు. మావాడికి ఆ వయసు అప్పటికే దాటిపోయింది. వాడికి రెండేళ్లప్పుడు ఎవరైనా ఆ కాగితం చేతిలో పెట్టుంటే బాగుండేది. ఆ రోజుల్లో మా ఇంట్లో వినిపించింది "మగపిలకాయలు అట్లనే, మీ నాన్నకీ మూడేళ్లకే మాటలొచ్చినాయి" అన్న మాట ఒక్కటే.

దశ 2: వెల్‌క్రో బోర్డు (ఫెయిల్)

నేను లామినేషన్ చేసేవాణ్ని కాబట్టి బొమ్మల బోర్డు అనగానే నాకు రాని పనేముంది అనుకున్నా. సన్‌బోర్డు రెండడుగులు, దాని మీద వెల్‌క్రో పట్టీలు, 24 కార్డులు. షాపులో కట్టరు పాస్‌పోర్టు ఫొటో సైజుకి సెట్ చేసి ఉంది కాబట్టి కార్డులూ అదే సైజు. మామూలు 125 మైక్రాన్ గ్లాసీ పౌచ్. బొమ్మలు నెట్‌లోంచి: ఏనుగు, కారు, యాపిల్, బంతి, కప్పు.

మూడో రోజు లెక్క చూసి ఎగిరి గంతేశా. 15 నిమిషాల్లో 26 గీతలు. చెల్లెలికి చూపించా, పుస్తకం తీసుకెళ్లి మా అమ్మకీ చూపించా.

మా ఆవిడ మాత్రం దోశ వేస్తూ, "కార్డిచ్చినాడని దోశ పెట్టినా, వాడు దోశ వైపే చూడలా. మీరు గమనించలేదా?" అంది.

మర్నాడు బిల్లు పుస్తకం పక్కన పెట్టి ఊరికే చూశా. వాడు కార్డు అంచు పట్టుకుంటాడు. మెల్లిగా, చాలా మెల్లిగా లాగుతాడు. వెల్‌క్రో పర్ర్‌మని ఊడుతుంది. ఆ చప్పుడుకి భుజాలు పైకెత్తి కళ్లు మూసుకుంటాడు. కార్డు నా వైపు విసిరేసి ఇంకోటి పట్టుకుంటాడు. అన్నీ అయిపోయాక నన్ను లాక్కెళ్లి మళ్లీ అంటించమంటాడు. 26 కార్డులు కాదు, 26 పర్ర్‌లు. నాతో వాడు నిజంగా చెప్పింది ఒక్కటే, మళ్లీ అంటించమని. దానికి నేను గీత పెట్టలేదు.

చెడిపోయినవి వరసగా:

1. వెల్‌క్రో చప్పుడు. కొందరు పిల్లలకి పని చేస్తుందంటారు. మావాడికి అదే ఆటబొమ్మ అయింది.
2. గ్లాసీ పౌచ్. ట్యూబ్‌లైటు మెరుపు కార్డు మీద పడితే వాడు బొమ్మ చూడడు, మెరుపుని అటూ ఇటూ కదుపుతాడు.
3. సైజు. పాస్‌పోర్టు కార్డు వాడి వేళ్లకి దొరకదు, జారుతుంది.
4. బొమ్మలు. ఏనుగు కార్డు తెచ్చిచ్చాడనుకోండి, నేనేమివ్వాలి? మా ఇంట్లో ఏనుగు లేదు. నెట్‌లోని ఎర్ర కప్పు వాడికి కప్పు కాదు. వాడి కప్పు స్టీలుది, అంచున చిన్న సొట్ట ఉంది.
5. 24 కార్డులు ఒకేసారి.

నాలుగు వారాలు పోయాయి. బోర్డు ఇప్పుడు షాపులో రేట్ల పట్టీగా వేలాడుతోంది.

ఖర్చు: పౌచ్‌లు 420, ఇంకు, పేపరు 260, వెల్‌క్రో 4 మీటర్లు 100, సన్‌బోర్డు 150. ఈ దశకి 930. ఇప్పటిదాకా 4,010.

మధ్యలో వసకొమ్ము

ఒకరోజు పాప నాలుక మీద పసుపచ్చటి మరక కనిపించింది. మా అమ్మ సానరాయి మీద వసకొమ్ము అరగదీసి తేనెతో నాకించింది. మావాడికీ వారం నుంచి అదే జరుగుతోందట. గలగలా మాట్లాడే పిల్లని వసపిట్ట అని పిలుచుకునే ఊళ్లో ఇది మామూలే. నేను కోపం చేయలేదు, ఆమె భయం నా భయమే. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుందని, అమెరికాలో 1968 నుంచే తినే వస్తువుల్లో వస కలపడాన్ని నిషేధించారని చెప్పి, ఆపమన్నా. "మరి నేనేం చేయాల నాయనా, ఊరికే కూర్చోనా?" అంది. ఆమెకి చేయడానికి ఒక పని కావాలి. ఆ పని తర్వాతి దశలో దొరికింది.

ఇదే వరసలో ఇంకో సలహా నాలుక కింద తీగ కోయించమని. బాగా బిగుసుకుంటే కొన్ని అక్షరాలు సరిగా పలక్కపోవచ్చేమో గానీ, మాటలే రాకపోవడానికి అది కారణం కాదని ఇద్దరు డాక్టర్లు చెప్పారు. కోయించలేదు.

దశ 3: మా నోళ్లు కట్టేసుకోవడం

ఆరో వారం, పాత రికార్డింగ్ మళ్లీ విన్నా. పిల్లల గొంతు కోసం కాదు, నా గొంతు కోసం. ఆ 15 నిమిషాల్లో నేను వేసిన ప్రశ్నలు, ఆజ్ఞలు 47. "ఇదేంటి?" 18 సార్లు, "చెప్పు, చెప్పు" 15, "ఏం కావాలి?" 14. అడిగాక ఎంతసేపు ఆగానో స్టాప్‌వాచ్ పెట్టి పదిచోట్ల కొలిచా. అన్నిటికన్నా ఎక్కువ ఆగింది 3 సెకన్లు. మిగతావన్నీ ఒకటి, రెండు. వాడు నోరు తెరిచేలోపు నేనే జవాబు చెప్పేసి ఇంకో ప్రశ్న వేస్తున్నా. పోలీస్ స్టేషన్‌లా ఉంది వింటుంటే.

పది సెకన్లు ఆగాలని పెట్టుకున్నాం. ఎవరి వల్లా కాలేదు. మనసులో ఒకటి నుంచి పది లెక్కపెడితే నాలుగు సెకన్లలో అయిపోతోంది. అప్పుడు మా అమ్మ, "అంకెలెందుకు, ఏడు కొండలు తలుచుకుంటే సరిపోదా" అంది. శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి. ఆమె మనసులో తలుచుకుంటుంటే స్టాప్‌వాచ్ పెట్టా. 9 సెకన్లు. దేవుడి పేర్లు కాబట్టి ఎవరూ తొందరపడి మింగేయరు. ఆ రోజు నుంచి ఇంట్లో అందరికీ అదే గడియారం. ఎక్కువసేపు ఆగేది మా అమ్మే.

పద్ధతి ఇలా స్థిరపడింది:

1. పిల్లల కళ్ల ఎత్తుకి, ఎదురుగా కూర్చోవాలి. మేం చాప వేసుకున్నాం.
2. ప్రశ్న వద్దు. వాడు చూస్తున్నదాని గురించి ఒకటి రెండు ముక్కలు: "దోశ. వేడి. ఊఫ్."
3. ఏడు కొండలు.
4. చూపు, చెయ్యి, శబ్దం, ఏది వచ్చినా అదే జవాబు. వెంటనే స్పందించాలి.
5. ఏదీ రాకపోతే మాట మనమే ఒకసారి చెప్పి, వస్తువు ఇచ్చేయాలి.

ఐదోది నేను దెబ్బ తిని రాసుకున్నది. "దో" అన్నా అనకపోతే దోశ ఇవ్వనని ఒక రోజు మొండికేశా. 12 నిమిషాలు ఏడ్చాడు, రికార్డింగ్‌లో ఉంది. మర్నాడు చాప వేయగానే లేచి వెళ్లిపోయాడు. మళ్లీ చాప మీదికి రావడానికి ఐదు రోజులు పట్టింది.

అడగడానికి సందు కల్పించడం మాత్రం బాగా పని చేసింది. బొరుగులు మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో, కనిపించేలా పెట్టాం. గిన్నెలో గుప్పెడు కాదు, నాలుగే వేస్తాం. బంతిని అటక మీద సగం బయటికి కనపడేలా ఉంచాం.

పాపకి ఈ దశలోనే మలుపు వచ్చింది. ఆమె ఒక మాటంటే మేం ఇంకో మాట చేర్చి తిరిగి ఇస్తాం. "బువ్వ" అంటే "వేడి బువ్వ". "టాటా" అంటే "తాత టాటా". తిరిగి చెప్పమని అడగం. ఎనిమిదో వారంలో పాల గ్లాసు చూపించి "పాలా? నీళ్లా?" అన్నా. చెల్లెలు నా చెయ్యి నొక్కింది, ఆగమని. గరుడాద్రి దాకా వచ్చేసరికి "పా" అంది.

ఎనిమిదో వారం లెక్క: మా ప్రశ్నలు 47 నుంచి 12. పాప 21. మావాడు 6. పాప మాటలు 6 నుంచి 19.

ఫోన్ సంగతి ఇక్కడే రాసేస్తా. ఒక్క రోజులో లాగేసుకోవడం మా తప్పు, మూడు రోజులు ఇల్లు నరకం. తర్వాత రోజుకి 3 గంటల 40 నిమిషాల నుంచి వారానికి అరగంట చొప్పున తగ్గించుకుంటూ వచ్చాం. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మేం ఇప్పుడు 40 నిమిషాల దగ్గరున్నాం. మావాడిది ఆటిజమని తర్వాత తేలింది. అది ఫోన్ వల్ల వచ్చిందని మా ఆవిణ్ని అన్నవాళ్లున్నారు. అలా రాదు. ఫోన్ చూసే గంటలో మనతో ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండవు, అంతే.

దశ 4: రింగు

తొమ్మిదో వారం నుంచి వారానికోసారి స్పీచ్ థెరపీ. మొదటి రోజే మేడం ఇద్దర్నీ చూసి ఒక మాటంది. "పాప వేలితో చూపించి మిమ్మల్ని చూస్తుంది. బాబు మీ చేతిని వాడుకుంటాడు, మిమ్మల్ని చూడడు. పాపకి మాట కావాలి. బాబుకి మాట కన్నా ముందు మనిషి కావాలి." కార్డు గోడ మీద ఉండకూడదని, మనిషి చేతికి ఇచ్చేలా ఉండాలని ఆమె చెప్పాకే నా బోర్డు ఎందుకు పాడైందో పూర్తిగా అర్థమైంది. ఆ పద్ధతిని పెక్స్ అంటారు. 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ మొదలుపెట్టారు. కార్డులు ఇస్తే నోటి మాట రాకుండా పోతుందేమో అని మా ఆవిడ అడిగింది. ఆ భయం అక్కర్లేదని, అడగడం అలవాటైతే మాటకి దారి దొరుకుతుందని మేడం చెప్పింది.

కొత్త కార్డు కొలతలు:

1. సైజు 6 సెం.మీ. × 6 సెం.మీ. ఒక ఏ4లో 12 వస్తాయి.
2. మ్యాట్ పౌచ్, 250 మైక్రాన్. ఐడీ కార్డులకి వాడేది. మిషను స్పీడు తగ్గించి రెండుసార్లు పంపాలి, లేకపోతే మధ్యలో తెల్లగా బుడగలొస్తాయి.
3. నాలుగు మూలలూ కార్నర్ కట్టర్‌తో గుండ్రం చేయాలి. మొదటి సెట్‌కి చేయలేదు, పెదవి కోసుకున్నాడు.
4. ఫొటో మన ఇంటి వస్తువుదే. సొట్ట ఉన్న స్టీలు కప్పు, నీలం మూత బొరుగుల డబ్బా.
5. పదం బొమ్మకి పైన రాయాలి. కింద రాస్తే పట్టుకున్న వేలు కప్పేస్తుంది. అది పిల్లాడి కోసం కాదు, ఇంటికొచ్చే చుట్టాలు ఒకే మాట వాడటానికి.
6. మూలన రంధ్రం, బైండింగ్ రింగు, ఐడీ కార్డు ట్యాగుతో నడుముకి.

నేర్పేటప్పుడు ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఎదురుగా మా ఆవిడ బొరుగుల డబ్బాతో. వెనక నేను, నోరు మూసుకుని. వాడు డబ్బా కోసం చెయ్యి చాపగానే ఆ చేతిని వెనక నుంచి కార్డు మీదికి, కార్డుని ఆమె చేతిలోకి నడిపించాలి. ఆమె వెంటనే "బొరుగులు!" అని ఇచ్చేయాలి. మొదటి రెండు రోజులు 30 సార్లకి 30 నా చెయ్యే. నాలుగో రోజు మోచెయ్యి తాకితే చాలు. ఆరో రోజు నేను వెనక లేచి నిలబడినా గమనించలేదు. తర్వాత దూరం పెంచాం. అరడుగు, మూడడుగులు, పక్క గది. పక్క గదిలోకి వెతుక్కుంటూ వచ్చి, మా అమ్మ చేతిలో కార్డు పెట్టి, మొహంలోకి చూసిన రోజు పదకొండో వారం, బుధవారం.

ఒక్క కార్డు మూడుసార్లు మార్చాం, "ఇంకా". మొదట సగం ఖాళీ అయిన బొరుగుల గిన్నె ఫొటో పెట్టా. ఊయల దగ్గర ఆ కార్డిస్తే నాకు బొరుగులు చూపిస్తావేందన్నట్టు చూశాడు. ఊయల ఫొటో పెడితే అది ఊయలే అయింది. మూడోసారి పసుపు రంగు మీద ఉత్త అరచెయ్యి, అదీ మా ఆవిడ చెయ్యి, వేళ్లు దగ్గరికి చేర్చి. అప్పుడు కుదిరింది. వద్దు, ఆపు, తెరువు, రా, ఇంటికి, అయిపోయింది. ఇవే పనికొచ్చే కార్డులు. ఏనుగు ఇప్పటికీ రింగులో లేదు. జూకి వెళ్లినప్పుడు చూద్దాం.

ఇంగ్లీషు మాటలే రాయమని వాడు మూడు వారాలు వెళ్లిన ప్లేస్కూల్లో అన్నారు. మా ఆవిడ వాళ్లది తిరుత్తణి వైపు, వాడితో తమిళం మాట్లాడుతుంది. అదీ మానుకోవాలన్నారు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావని, తల్లి తన భాషలోనే బాగా మాట్లాడగలదని మేడం తేల్చేసింది. కార్డు మీద "వద్దు" అని ఉంటుంది, తల్లి "వేండాం" అంటుంది. వాడికి రెండూ ఒకటే.

ఖర్చు: రింగులు 30, పౌచ్‌లు 680, ట్యాగు 10. ఈ దశకి 720. ఇప్పటిదాకా 4,730, థెరపీ ఫీజు కాకుండా.

దశ 5: "దయచేసి వినండి"

ఆదివారాలు ప్లాట్‌ఫారం టికెట్టు తీసి వాడికి రైళ్లు చూపిస్తాం. మైకులో వచ్చే "దయచేసి వినండి" వాడికి అదే రాగంలో వచ్చేసింది. ఇంట్లో రోజుకి పదిసార్లు అంటాడు. అర్థం లేని పలుకని నేను లెక్కలో వేయలేదు.

పన్నెండో వారం, చెల్లెలు చెప్పులేసుకుంటుంటే పరిగెత్తుకొచ్చి "దయచేసి వినండి" అన్నాడు. ఆమె, "అన్నా, వీడు ఇది ఊరికే అనడం లేదు. ఎవరైనా బయటికి పోతుంటేనే అంటున్నాడు" అంది. రికార్డింగులు, అప్పుడు రాసుకున్న వివరాలు తీసి మళ్లీ చూశా. నిజమే. చెప్పుల చప్పుడు, తాళం చప్పుడు, బండి స్టార్టయిన చప్పుడు, వెనకే ఆ మాట. "నన్నూ తీసుకెళ్లండి" అనడానికి వాడి దగ్గరున్న మాట అది. ముక్కలు ముక్కలుగా కాక పూర్తి వాక్యంగా ఎత్తుకుని, దాన్ని విన్న సందర్భానికి అంటించుకుంటారు కొందరు పిల్లలు.

మూడు వారాల లెక్కలు దిద్దాను. 6, 7, 5 అని రాసినవి 11, 12, 11 అయ్యాయి. వాడు మారలేదు, నా గీతలు మారాయి. అప్పటి నుంచి పుస్తకంలో మూడో నిలువు గీత కొట్టా: "నాకు అర్థం కానివి". వాటిని సున్నా వేయను, సందర్భం రాస్తా. వాడు ఆ మాటనగానే "బయటికి పోదాం" అని మేం ఒకసారి అంటాం. మార్చిలో "వినండి పోదాం" అన్నాడు.

ఫిబ్రవరిలో రెండు పనులు జరిగాయి. పాప చెవి మళ్లీ చూపించాం. ఒక పక్క నీరు పోయింది, రెండో పక్క తగ్గింది. మావాడికి ఇసా అనే 40 అంశాల పరీక్ష చేశారు. 70 నుంచి ఆటిజం కిందికి వస్తుంది, 106 దాకా తక్కువ స్థాయి. 94 వచ్చింది. ఆ రోజు డైరీ పేజీలో ఆ అంకె ఒక్కటే ఉంది, ఇంకేమీ రాయలేదు.

కాగితాల పని: ఆటిజం 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఒకటి. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం స్లాటు కోసం వార్డు సచివాలయంలో పెట్టుకున్నాం. కేంద్రం నడిపే నేషనల్ ట్రస్టు వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంది, దానికీ పెట్టాలి.

దశ 6: జాతర పరీక్ష (సగం ఫెయిల్)

మే నెల, గంగమ్మ జాతర. వెళ్లాలా వద్దా అని రెండు రోజులు తర్జనభర్జన. చెవులకి వేసుకునే హెడ్‌ఫోన్లు, నడుముకి రింగు, రద్దీ లేని పొద్దుటి వేళ. సిద్ధంగానే వెళ్లామనుకున్నా. తాతయ్యగుంట వీధి మొదట్లో పదిహేను నిమిషాలు బాగానే ఉన్నాడు. వేషాలు వేసుకున్నవాళ్లని, వాళ్ల చేతుల్లో వేపమండల్ని చూస్తున్నాడు. డప్పులు దగ్గరికొచ్చాయి.

వాడు ఏడవలేదు. కింద కూర్చుని, రింగు తిప్పి, ఒక్కో కార్డు దాటించి, "ఇంటికి" పైకి తెచ్చి నా చేతిలో పెట్టాడు. అంత గోలలో, అంత జనంలో. నా మొహంలోకి చూశాడు.

నేనేం చేశానంటే, "ఐదు నిమిషాలు నాన్నా, అమ్మవారిని చూసి పోదాం" అన్నా.

మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే అన్నా. మూడోసారి పెట్టలేదు. రింగు లాగి పారేసి, మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. ఎత్తుకుని ఇంటికొచ్చేశాం.

ఆ తర్వాత లెక్క: జాతర ముందు రోజు 16. మర్నాడు 4, అన్నీ చెయ్యి లాగడమే. రెండో రోజు 5. ఎనిమిదో రోజుకి గానీ రింగు ముట్టలేదు. ఆరు నెలలు కూడబెట్టింది మూడు నిమిషాల్లో ఖర్చు పెట్టేశా.

మార్చినవి:

1. "ఇంటికి", "వద్దు", "ఆపు" కార్డులకి ఇంట్లో ఎవరికీ కాదనే హక్కు లేదు. మందు వేయడం లాంటివి తప్ప. వాటికి ముందు కార్డు చూపించం, మామూలుగా ఎత్తుకుని వేసేస్తాం.
2. నిజంగా వీలుకాని చోటికి రింగుతో వెళ్లడమే మానేశాం.
3. రోజుకి రెండుసార్లు వీధి చివరిదాకా ఉత్తినే తీసుకెళ్లి, "ఇంటికి" ఇవ్వగానే గిర్రున వెనక్కి తిరుగుతాం. పోయిన నమ్మకం తిరిగి కట్టుకోవడానికి. 11 రోజులు చేశాం.

ఇప్పటి లెక్క, 31వ వారం

మావాడు 19. కార్డులు 9, మాటలు, శబ్దాలు 6, చెయ్యి లాగడం 4. లాగేటప్పుడు ఇప్పుడు మొహం చూస్తాడు. మాటలు ఎన్నో లెక్కపెట్టడం మానేశా.

పాప 40 దాటాక గీతలు ఆపేశాం, చెయ్యి నొప్పి పుట్టింది. రెండేసి మాటలు కలుపుతోంది. నిన్న మావాడి రింగు ఎత్తుకుపోయి, బొమ్మకి "వద్దు" కార్డు చూపించి, "బావ చెప్పాడు" అంది.

మా ప్రశ్నలు 9. ఆదివారం చుట్టాలొస్తే 30.

ఖర్చు: కార్డులు, చెవుల దాకా 4,730. థెరపీ 22 వారాలు, 500 చొప్పున 11,000. ఆటిజం పరీక్ష 1,500. మొత్తం 17,230.

కార్డులు: ప్రింట్ చేసినవి 71, వాడుకలో ఉన్నవి 17.

మిగిలిన పనులు: సదరం స్లాటు తేదీ ఇంకా రాలేదు. పాప ఎడమ చెవి జులైలో చూపించాలి. రింగు తుప్పు పడుతోంది, స్టీలుది వెతకాలి. కొత్త ప్లేస్కూలు వాళ్లు రింగు తరగతిలోకి తేవచ్చన్నారు, వాళ్లకి ఇంకో సెట్ చేయాలి.

ఈ సాయంత్రం షాపు కట్టేముందు "వద్దు" మళ్లీ ప్రింట్ తీశా. నాలుగోసారి. పాతదాని అంచు వాడి పళ్లకి నలిగి, అక్షరాలు పోయి, కిందున్న ద వత్తు మాత్రం మిగిలింది.